ఒకే షీటు, ఇంట్లో నలుగురు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది ఖమ్మం దగ్గర ఒక ఊరు. జలుబు చేస్తే ఇక్కడి మెడికల్ షాపులో ఒక గోలీ ఇస్తారు. షీటు వెనక క్లోర్‌ఫెనిరమైన్ 4 మి.గ్రా., జింక్ గ్లూకోనేట్ 50 మి.గ్రా. అని ఉంది. జలుబుకూ బలానికీ రెండూ ఒకదాంట్లోనే ఉన్నాయని షాపతను చెప్పాడు. మా మామయ్యకు 68 ఏళ్లు. బీపీ ఉంది, ప్రోస్టేట్‌కు రాత్రిపూట గోలీ వేసుకుంటారు, షుగర్ లేదు. కరోనా అప్పటినుంచి రోజూ జింక్ 50 గోలీ మానకుండా వేసుకుంటున్నారు. మా ఆయన డీసీఎం సరుకుల వ్యాను నడుపుతారు. మిర్చి లోడు తోలే రోజుల్లో తుమ్ములు ఆగవు, అప్పుడు ఈ గోలీయే వేసుకుంటారు. పాపకు మూడున్నరేళ్లు, జలుబు చేస్తే సగం విరిచి తేనెలో కలిపి ఇస్తున్నాను. అత్తయ్యకు థైరాయిడ్ ఉంది, ఇప్పుడు యూరిన్ ఇన్ఫెక్షన్‌కు సిప్రోఫ్లాక్సాసిన్ ఇచ్చారు, జలుబు చేస్తే ఆమెకూ ఇదే. జింక్ ఉంది కాబట్టి రోజూ వేసుకున్నా ఏం కాదు కదా? ఇంకో సంగతి, ఈ మధ్య మామయ్యకు అరికాళ్లు మొద్దుబారినట్టు ఉంటున్నాయట. వయసు వల్లేనా?
— ఒక కోడలు, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, అడగాలా వద్దా అన్నట్టు మీరు చివర్లో రాసిన ఆ ఒక్క మాటే నన్ను ఎక్కువ కంగారుపెట్టింది. దాని గురించి వివరంగా చెబుతాను. అంతకంటే ముందు ఈ రోజే చేయాల్సినవి చెప్పేస్తాను. పాపకు సగం గోలీ ఇవ్వడం ఆపేయండి. మామయ్యగారికి ఈ జలుబు గోలీ ఇక ఇవ్వొద్దు. మీ ఆయన బండి తీయాల్సి ఉంటే దీన్ని ముట్టుకోకూడదు. అత్తయ్యగారు సిప్రోఫ్లాక్సాసిన్ కోర్సు పూర్తయ్యేదాకా దీన్ని పక్కన పెట్టాలి. మామయ్యగారు బీపీకీ ప్రోస్టేట్‌కూ వాడే మందులు మాత్రం ఒక్క పూట కూడా మానొద్దు. వాటి జోలికి మనం పోవడం లేదు.

"రెండూ ఒకదాంట్లోనే ఉన్నాయి" అంటే వినడానికి బాగానే ఉంటుంది. కానీ ప్రభుత్వ ఆసుపత్రిలో మందుల కౌంటర్ దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసినదాన్ని, నేను చెప్పేది ఒకటే. ఒక గోలీలో రెండు మందులుంటే అవి రెండు మందులే. దేని పని దానిదే, దేని హద్దు దానిదే. జింక్ మంచిదని రోజూ వేసుకుంటే దాంతోపాటు మత్తు తెచ్చే మందు కూడా రోజూ లోపలికి పోతుంది. ముక్కు కారుతోందని రోజుకు మూడు వేసుకుంటే జింకూ మూడింతలవుతుంది. పైగా రెండూ చెడు చేసే తీరు వేరు. క్లోర్‌ఫెనిరమైన్ తేడా చేస్తే ఆ రాత్రికే తెలిసిపోతుంది. జింక్ అలా కాదు, నెలల తరబడి చడీచప్పుడూ లేకుండా చేస్తుంది. అప్పటికి మందు మీద ఎవరికీ అనుమానం కూడా రాదు.

ముందు క్లోర్‌ఫెనిరమైన్ సంగతి చూద్దాం. ఇది యాంటీహిస్టమిన్. ఒంట్లో హిస్టమిన్ అనే పదార్థం విడుదలైనప్పుడు తుమ్ములు, దురద, ముక్కు కారడం వస్తాయి. ఈ మందు హిస్టమిన్ పనిని అడ్డుకుంటుంది. జలుబు తెచ్చిన వైరస్‌ను మాత్రం ఇది ఏమీ చేయదు. కారే ముక్కును కాస్త ఆరబెడుతుంది, అంతే. పాతతరం మందు కాబట్టి మెదడులోకి కూడా పోతుంది, నిద్రమత్తు అందుకే. ఇంకో గుణం కూడా ఉంది. నోరు, ముక్కు ఆరిపోయేలా చేసే ఆ గుణమే మూత్రసంచి కండరాన్నీ మందగింపజేస్తుంది. ప్రోస్టేట్ గ్రంథి పెరిగి దారి ఇరుకైపోయిన మనిషికి సంచి గట్టిగా నొక్కితేనే మూత్రం వస్తుంది. ఆ నొక్కే బలం తగ్గితే అది అక్కడే ఆగిపోతుంది.

ఇది పుస్తకంలో చదివి చెబుతున్న మాట కాదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చలికాలం మా నాన్నకు జలుబు చేస్తే ఇలాంటి గోలీనే నా చేత్తో ఇచ్చాను. రాత్రి రెండింటికి లేచి చూస్తే ఆయన వరండాలో స్తంభం పట్టుకుని నిలబడి ఉన్నారు. పెరట్లో పంపు తిప్పి వదిలారు, నీళ్ల చప్పుడు వింటే మూత్రం వస్తుందేమోనని. పొత్తికడుపు రాయిలా గట్టిపడి ఉంది. చలిలో కూడా ఆయన ఒళ్లంతా చెమట. ఆసుపత్రికి తీసుకెళ్లి పైపు వేయించాక దానికి తగిలించిన సంచిలోకి దాదాపు లీటరు మూత్రం వచ్చింది. ఆయనకు ప్రోస్టేట్ ఇబ్బంది ఉందని ఇంట్లో అందరికీ తెలుసు. జలుబు గోలీకీ దానికీ సంబంధం ఉంటుందని ఆ క్షణంలో నాకు తట్టలేదు. అందుకే మీ మామయ్యగారి విషయంలో అంత గట్టిగా వద్దంటున్నాను. ఎప్పుడైనా ఆయనకు మూత్రం ఆగిపోయి పొత్తికడుపు నొప్పి మొదలైతే తెల్లారేదాకా ఆగొద్దు. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి, బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి.

పెద్దవాళ్లలో ఈ మందు వల్ల మలబద్ధకం, తడబాటు కూడా వస్తాయి, రాత్రి లేచినప్పుడు తూలి పడే ప్రమాదం ఉంది. కంటిలో ప్రెషర్ పెరిగే గ్లకోమా ఉన్నవాళ్లు కూడా డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. మీ షీటును ఇంకోసారి వెలుతురులో పెట్టి చూడండి. మీరు రాసిన రెండు పేర్లే ఉన్నాయా, ఫినైలెఫ్రిన్ అని కూడా ఉందా? ముక్కుదిబ్బడకు కలిపే ఆ మందు రక్తనాళాలను బిగిస్తుంది, అందుకే బీపీ ఉన్నవాళ్లకు మంచిది కాదు. మూత్రం దారిని కూడా బిగిస్తుంది. పారాసెటమాల్ అని ఉంటే జ్వరం గోలీతో కలిసి డోసు రెట్టింపయ్యే ప్రమాదం ఉంది. మామయ్యగారికి జలుబు చేస్తే ఉప్పునీటి చుక్కలు, గోరువెచ్చని నీళ్లు, విశ్రాంతి చాలు. తుమ్ములు మరీ ఇబ్బంది పెడితే డాక్టరు దగ్గర ప్రోస్టేట్ మాట ముందే చెప్పి, మత్తు తక్కువ ఉండే కొత్తతరం మందు అడగండి. వాటిలో కూడా సెటిరిజిన్, లెవోసెటిరిజిన్ మూత్రపిండాల ద్వారానే బయటికి పోతాయి. ఈ వయసులో మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూసి డోసు తగ్గించాల్సి రావచ్చు.

ఇక మీ ఆయన సంగతి. మిర్చి లోడు అన్నారు కదా, ఖమ్మం మార్కెట్ దగ్గర పది నిమిషాలు నిలబడ్డ వాళ్లెవరికైనా ఆ తుమ్ములు తెలుసు. కానీ అవి ఎక్కువ భాగం అలర్జీ తుమ్ములు కావు. మిరప ఘాటు ముక్కులోని నరాలను నేరుగా రేపుతుంది. అందులో హిస్టమిన్ పాత్ర తక్కువ కాబట్టి యాంటీహిస్టమిన్ పెద్దగా పనిచేయదు. అంటే ఆయన తుమ్ములకు లాభం లేకుండా నిద్రమత్తును మాత్రం తెచ్చుకుని స్టీరింగ్ పట్టుకుంటున్నారు. రాత్రి వేసుకున్న గోలీ మత్తు మర్నాడు పొద్దున కూడా మిగిలి ఉండొచ్చు. "నాకు నిద్ర రావట్లేదు" అని మనిషి అనుకుంటున్నప్పుడు కూడా బ్రేకు మీద కాలు పడడం ఆలస్యమవుతుంది. దాని మీద కల్లో సారాయో పడితే మత్తు ఇంకా పెరుగుతుంది. లోడు ఎక్కించేటప్పుడు ముక్కుకు బిగుతుగా ఉండే మంచి మాస్కు పెట్టుకోమనండి. పని కాగానే మొహం, ముక్కు శుభ్రంగా కడుక్కోవాలి. బట్టలు మార్చుకున్నాకే పాపను ఎత్తుకోవాలి. మిర్చి లేని రోజుల్లో కూడా పొద్దున్నే వరసగా తుమ్ములు, కళ్ల దురద ఉంటే అది నిజంగా అలర్జీ కావచ్చు. అప్పుడు డాక్టరుకు చూపించి, నేను డ్రైవర్నని మొదటి మాటగా చెప్పాలి. డ్రైవర్లకు సాధారణంగా మత్తు అతి తక్కువ ఉండే ఫెక్సోఫెనడిన్ లాంటిది రాస్తారు. దాన్ని నీళ్లతోనే మింగాలి. పళ్లరసంతో మింగితే ఒంటికి సరిగా పట్టదు. ఒకవేళ సెటిరిజిన్ రాసి నెలల తరబడి రోజూ వాడాల్సి వస్తే, ఆపేటప్పుడు కూడా డాక్టరును అడిగే ఆపాలి. చాలాకాలం వాడి మానేసిన కొందరిలో తీవ్రమైన దురద వస్తోందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025 మేలో హెచ్చరించింది. అరుదే గానీ, తెలిసి ఉండటం మంచిది.

పాప గురించి రాసేటప్పుడు మిమ్మల్ని తప్పుపట్టాలని లేదు. అర్ధరాత్రి ముక్కు మూసుకుపోయి బిడ్డ ఏడుస్తుంటే చేతిలో ఉన్నది ఇవ్వాలనిపిస్తుంది. కానీ పెద్దల గోలీని విరిచి పిల్లలకు ఇవ్వడం ఎప్పటికీ సరైన కొలత కాదు. మూడున్నరేళ్ల పాపకు క్లోర్‌ఫెనిరమైన్ మత్తు తెస్తుంది. కొందరు పిల్లల్లో అది తిరగబడి, నిద్రపోకుండా అల్లరల్లరిగా, చిరాకుగా చేస్తుంది. ఫినైలెఫ్రిన్‌తో కలిపిన క్లోర్‌ఫెనిరమైన్ మందులు నాలుగేళ్లలోపు పిల్లలకు వాడొద్దని మన దేశ ఔషధ నియంత్రణ అధికారులే 2023 డిసెంబరులో చెప్పి, ఆ మాట లేబుల్ మీద వేయమన్నారు. పాపకు ముక్కులో ఉప్పునీటి చుక్కలు వేయండి, తల కాస్త ఎత్తుగా పెట్టి పడుకోబెట్టండి, మంచినీళ్లు, చారన్నం తరచుగా పెట్టండి. ఏడాది దాటిన పిల్లలకు దగ్గుకు ఒక చిన్న చెంచా తేనె ఇవ్వొచ్చు. మీరు కలిపిన తేనె మంచిదే, అందులో గోలీయే వద్దు. రొప్పుతున్నా, ఊపిరి తీసుకునేటప్పుడు పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతున్నా, నీళ్లు తాగకపోయినా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఆ షీటు పాపకు అందనంత ఎత్తులో పెట్టండి.

నా మాట విని ఇంకో పొరపాటు చేయకండి. రేపు పాపకు విరేచనాలు అయి, ఆశా అక్కో నర్సమ్మో ఓఆర్‌ఎస్‌తో పాటు జింక్ గోలీలు ఇస్తే అవి వద్దనకండి. అది వేరే లెక్క. రోజుకు 20 మి.గ్రా. చొప్పున 14 రోజులు, ఆరు నెలల్లోపు పసిపిల్లలకైతే 10 మి.గ్రా. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2004లో 10 నుంచి 14 రోజులకని కలిసి చెప్పిన చికిత్స అది, మన దగ్గర 14 రోజులు ఇస్తారు. విరేచనాలు తగ్గినా 14 రోజులూ పూర్తి చేయాలి.

ఇప్పుడు జింక్. మనిషికి ఇది నిజంగా కావాల్సినదే. జింక్ తక్కువైతే మనుషులు ఎదగకుండా ఉండిపోతారని 1960ల మొదట్లో ఇరాన్ పల్లెల్లో యువకులను చూసి పసిగట్టింది మన బిహార్‌లోని బక్సర్‌లో పుట్టిన డాక్టర్ ఆనంద ప్రసాద్. ఆయన చెప్పేదాకా మనుషుల్లో జింక్ లోపం ఉంటుందని వైద్యులు నమ్మలేదు. కాబట్టి జింక్ మీద నాకు కోపమేమీ లేదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం రోజుకు మగవాళ్లకు 17 మి.గ్రా., ఆడవాళ్లకు సుమారు 13 మి.గ్రా. జింక్ అందాలి. మటన్, గుడ్లు, శనగలు, పప్పులు, నువ్వులు, గుమ్మడి గింజలతో అందులో చాలా భాగం వస్తుంది. పప్పును నానబెట్టినా, మొలకలు కట్టినా, ఇడ్లీ పిండిలా పులియబెట్టినా అందులోని జింక్ ఒంటికి ఇంకా బాగా పడుతుంది.

జలుబుకు పనిచేస్తుందా అంటే, కొంచెం పనిచేయొచ్చు. 2024లో కాక్రేన్ సంస్థ అధ్యయనాలన్నీ కలిపి చూసింది. జలుబు మొదలయ్యాక జింక్ వాడితే రెండు రోజులు ముందుగా తగ్గవచ్చని, అయితే ఆ ఆధారం అంత గట్టిది కాదని తేల్చింది. రాకుండా ఆపుతుందన్న దానికి మాత్రం సరైన ఆధారం లేదు. ఆ అధ్యయనాల్లో చాలావాటిలో వాడినవి నోట్లో పెట్టుకుని చప్పరించే బిళ్లలు, అవీ కొద్ది రోజులే. మీ గోలీలో ఉన్న జింక్ ఎంతో చూడండి. జింక్ గ్లూకోనేట్ 50 మి.గ్రా. అంటే అందులో అసలు జింక్ 7 మి.గ్రా. మాత్రమే, మిగతాది గ్లూకోనేట్ బరువు. అదే జింక్ సల్ఫేట్ మోనోహైడ్రేట్ 55 మి.గ్రా. అయితే అసలు జింక్ 20 మి.గ్రా. ఉంటుంది. అందుకే షీటు మీద ఎలిమెంటల్ జింక్ అని ఎక్కడుందో వెతకాలి. మనకు కావాల్సిన లెక్క అదే.

మామయ్యగారి జింక్ 50 షీటు మీద ఎలిమెంటల్ జింక్ 50 మి.గ్రా. అని ఉంటే అసలు సమస్య అక్కడే ఉంది. పెద్దవాళ్లకు తిండీ మందులూ కలిపి రోజుకు 40 మి.గ్రా. దాటకూడదన్నది హద్దు. ఆయన ఒక్క ఆ గోలీతోనే దాన్ని దాటేస్తున్నారు, అదీ కరోనా నుంచి, అంటే కొన్నేళ్లుగా. కోవిడ్ రోజుల్లో ఎంతోమందికి కొద్ది రోజులకని జింక్ ఇచ్చారు. ఆపమని చెప్పినవాళ్లు మాత్రం లేరు. ఇలా ఏళ్లకేళ్లు కొనసాగిస్తున్న పెద్దవాళ్లను నేను ఎంతమందినో చూశాను.

ఎక్కువ జింక్ ఏం చేస్తుందంటే, ఒంట్లోకి రాగి రాకుండా అడ్డుపడుతుంది. జింక్ ఎక్కువైనప్పుడు పేగు గోడలోని కణాలు ఒక ప్రోటీన్‌ను తయారుచేసుకుంటాయి. అది రాగిని గట్టిగా పట్టుకుని రక్తంలోకి వదలదు. ఆ కణాలు రాలిపోయినప్పుడు రాగి కూడా మలంలో బయటికి పోతుంది. విల్సన్ జబ్బు అని, ఒంట్లో రాగి పేరుకుపోయే జబ్బు ఒకటుంది. దానికి డాక్టర్లు జింక్‌ను మందుగా ఇచ్చేది ఈ గుణం కోసమే. అవసరం లేని మనిషి వేసుకుంటే అదే గుణం ఉన్న రాగిని ఊడ్చేస్తుంది. రాగి తక్కువైతే ఐరన్ గోలీలు వేసినా తగ్గని రక్తహీనత వస్తుంది, తెల్ల రక్తకణాలు తగ్గుతాయి. ఇంకా ముదిరితే వెన్నుపాము, నరాలు దెబ్బతిని అరికాళ్లు మొద్దుబారతాయి, చీకట్లో నడుస్తుంటే కాళ్లు తడబడతాయి. షుగర్ లేని మనిషికి అరికాళ్లు మొద్దుబారితే, ఆ మనిషి ఏళ్లుగా జింక్ 50 వేసుకుంటుంటే, వయసు అని వదిలేయకూడదు.

అదేనని నేను ఉత్తరం చూసి తేల్చలేను. బి12 తక్కువైనా అచ్చం ఇలాగే ఉంటుంది, వెన్నెముకలో నరం నొక్కుకున్నా ఉంటుంది. ఈ వారంలోనే ఫిజీషియన్ దగ్గరికో నరాల డాక్టరు దగ్గరికో తీసుకెళ్లండి. ఆ రెండు షీట్లూ చేతిలో పట్టుకెళ్లి, "ఇది కరోనా నుంచి రోజూ వేసుకుంటున్నారు" అని ఈ మాటే చెప్పండి. రక్తపరీక్షల్లో సీబీసీ (రక్తకణాల లెక్క), షుగర్, బి12 తో పాటు సీరం కాపర్ (రక్తంలో రాగి), సెరులోప్లాస్మిన్ (రాగిని మోసే ప్రోటీన్) చేయించాలా అని మీరే అడగండి. చివరి రెండూ మామూలుగా రాసే పరీక్షలు కావు, అడిగితే తప్ప గుర్తుకు రాకపోవచ్చు. జింక్ 50 ని విల్సన్ జబ్బు లాంటి కారణంతో డాక్టరు రాసి ఉండకపోతే ఇవాళ్టి నుంచే ఆపేయొచ్చు. ఒక్కసారిగా ఆపినా ఇబ్బంది ఉండదు. రాగి తగ్గిందని తేలితే దానికి మందు ఉంది. రక్తం కొన్ని వారాల్లో, నెలల్లో కోలుకుంటుంది. నరాలు మాత్రం ఎంత త్వరగా పట్టుకుంటే అంత మేలు, ఆలస్యమైతే పూర్తిగా కోలుకోకపోవచ్చు. నా తొందర అందుకే. మీరే ముందుగా రాగి గోలీలు కొని వేయకండి, ఆ డోసు కూడా డాక్టరే చెప్పాలి.

అత్తయ్యగారికి రెండు మాటలు. సిప్రోఫ్లాక్సాసిన్‌ను జింక్ కడుపులోనే పట్టేసుకుంటుంది. మందు రక్తంలోకి సరిగా చేరదు, ఇన్ఫెక్షన్ తగ్గకపోవచ్చు. టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌కూ ఇదే గతి. తప్పనిసరై రెండూ వాడాల్సి వస్తే యాంటీబయాటిక్ వేసుకున్న రెండు గంటల తర్వాతే జింక్ వేసుకోవాలి. జింక్ ముందు వేసుకుంటే ఆరు గంటలు ఆగి యాంటీబయాటిక్ వేసుకోవాలి. ఐరన్, కాల్షియం గోలీలకూ ఇదే లెక్క. పొద్దున పరగడుపున వేసుకునే థైరాయిడ్ గోలీకీ వీటికీ నాలుగు గంటలు ఎడం ఉంచండి.

మరి ఈ గోలీ ఎవరూ వేసుకోకూడదా అంటే, ఏ జబ్బూ లేని, వేరే మందులేవీ వాడని, ఆ రోజు బండి నడపని పెద్దవాళ్లు జలుబు బాగా ఉన్న రెండు మూడు రోజులు, డాక్టరో ఫార్మసిస్టో చెప్పిన లెక్కలో వేసుకోవచ్చు. అన్నం తిన్నాక వేసుకోవాలి, ఖాళీ కడుపున జింక్ పడితే కడుపులో తిప్పుతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు అడిగే వేసుకోవాలి. జలుబు తగ్గగానే గోలీ కూడా ఆపేయాలి. బలం కోసం అని కొనసాగించడానికి ఇది పనికిరాదు.

షాపులో షీటు మొత్తం కొనకుండా నాలుగు గోలీలు అడిగితే కత్తెరతో కత్తిరించి ఇస్తారు కదా. చాలాసార్లు మందు పేరు, తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. మన చేతికి వచ్చేది వెండి రంగు రేకులో నాలుగు బుడిపెలు, అవి ఏ మందో రేపు ఎవరూ చెప్పలేరు. కత్తిరించే ముందే షీటు వెనక భాగాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకోండి. కంపెనీ పెట్టిన పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే మందుల పేర్లు, మి.గ్రా.లు పడాలి. అక్కడే "మా మామయ్యకు ప్రోస్టేట్ ఉంది, బీపీ ఉంది" అని నోరు తెరిచి చెప్పండి. అడగలేదని ఊరుకోవద్దు.

మామయ్యగారి పరీక్షల కాగితాలు వచ్చాక, సీరం కాపర్ ఎంత వచ్చిందో, ఆ జింక్ 50 షీటు వెనక సరిగ్గా ఏం రాసి ఉందో మళ్లీ నాకు రాయండి. ఎదురుచూస్తుంటాను.